బ్లూ రౌండ్ కోసం: నీలం పేరున్న బ్యాండ్లు, ఆల్బమ్‌ల వెనక కథలు కావాలి

విశాఖ_శబ్దం (శుక్రవారం, రాత్రి 8:40)

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా లిజనింగ్ గ్రూప్‌లో మ్యూజిక్ క్విజ్ పెడుతున్నాం. అందులో ఒక రౌండ్ మొత్తం నీలం మీద. బ్యాండ్ పేరులో గానీ, ఆల్బమ్ పేరులో గానీ బ్లూ ఉండాలి. ఇండిగో లాంటి దగ్గరి చుట్టాలైనా పర్లేదు.

పేర్ల లిస్టు నాకు అక్కర్లేదు, అది వెతికితే దొరుకుతుంది. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది కావాలి. ఖాయంగా తెలిసినవే రాయండి ప్లీజ్. మా గ్రూప్‌లో ఇద్దరు పెద్దమనుషులున్నారు, క్విజ్ మాస్టర్ తప్పు పట్టుకోవడానికే వస్తారు.

ఇప్పటికి నా దగ్గరున్నవి: జాజ్ ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ, గాయని జోనీ మిచెల్ ఆల్బమ్ బ్లూ, మూడీ బ్లూస్, బ్లూ ఆయిస్టర్ కల్ట్ అనే బ్యాండ్లు. పేర్లే ఉన్నాయి, కథల్లేవు.

సందేహాల_రావు (శుక్రవారం, రాత్రి 8:58)

దీనికి రౌండ్ ఎందుకు బాబూ? అన్నిటికీ ఒకటే జవాబు, దిగులు. ఇంగ్లిష్ పాటల్లో బ్లూ అంటే ఏడుపు. మైల్స్ డేవిస్ అయినా అదే, జోనీ మిచెల్ అయినా అదే. మొదటి ప్రశ్నకే అందరికీ ఫుల్ మార్కులు.

రికార్డుల_మావయ్య (శుక్రవారం, రాత్రి 9:31)

రావు గారూ, మీరు చెప్పింది మొదలు వరకే నిజం. ఆ మొదలు కూడా కాస్త చెప్పుకుందాం.

దిగులు పట్టినవాణ్ణి నీలి దయ్యాలు పట్టాయి అనడం ఇంగ్లిష్‌లో చాలా పాతది. జార్జ్ కోల్మన్ 1798లో బ్లూ డెవిల్స్ అనే చిన్న ప్రహసనం రాశాడు. ఆ మాటే అమెరికా చేరి, నల్లజాతి గాయకుల పాటల్లో కలిసి బ్లూస్ అయింది. స్వరకర్త డబ్ల్యూ.సి. హ్యాండీ 1912లో మెంఫిస్ బ్లూస్, 1914లో సెయింట్ లూయిస్ బ్లూస్ అచ్చు వేశాడు. 1920 ఆగస్టు 10న మేమీ స్మిత్ న్యూయార్క్‌లో క్రేజీ బ్లూస్ రికార్డు చేసింది. అది విపరీతంగా అమ్ముడుపోయాక నల్లజాతివాళ్ళు కూడా రికార్డులు కొంటారని కంపెనీలకు తెలిసొచ్చింది.

ఇక అక్కణ్ణుంచి బ్లూ అనేది లేబుల్ అయిపోయింది. పాటలో దిగులున్నా లేకున్నా చివర బ్లూస్ అని తగిలిస్తే రికార్డు కదిలేది. 1920ల్లో ఓక్లహోమా సిటీలో వాల్టర్ పేజ్ నడిపిన బ్యాండ్ పేరు బ్లూ డెవిల్స్. కౌంట్ బేసీ, జిమ్మీ రషింగ్ అందులోంచి వచ్చినవాళ్ళే. అది జనం డాన్స్ చేయడానికి పెట్టుకున్న బ్యాండ్. దిగులుతో ఎవడూ డాన్స్ హాల్‌కి టికెట్ కొనడు.

శబ్దం తమ్ముడూ, బ్లూ డెవిల్స్‌ని క్విజ్‌లో పెట్టు. ఎవరికీ రాదు.

బేస్_బుజ్జి (శుక్రవారం, రాత్రి 9:44)

అన్నా, 1920లు అంటే మా బ్యాచ్ లేచి వెళ్ళిపోతుంది 😅 వీజర్ బ్యాండ్ బ్లూ ఆల్బమ్ పెట్టండి. 1994. నీలం గోడ ముందు నలుగురు నించుని ఉంటారు, అంతే కవర్. రిక్ ఒకాసెక్ ప్రొడ్యూసర్.

కొత్తవాళ్ళ కోసం గాయని బిల్లీ ఐలిష్ కూడా. 2024 ఆల్బమ్‌లో ఆఖరి పాట పేరు బ్లూ, కవర్ మీద ఆమె నీళ్ళలోకి మునిగిపోతూ ఉంటుంది, పైన తెల్ల తలుపు.

సందేహాల_రావు (శుక్రవారం, రాత్రి 9:50)

> వీజర్ బ్లూ ఆల్బమ్

ఆ రికార్డు మీద బ్లూ అనే మాట ఎక్కడుంది? వీజర్ అని మాత్రమే ఉంది. ఆల్బమ్ పేరులో బ్లూ ఉండాలి అన్నది మీ రూలే కదా.

విశాఖ_శబ్దం (శుక్రవారం, రాత్రి 9:57)

హా, మంచి పాయింట్. జనం పెట్టిన ముద్దుపేరుని ఒప్పుకోవాలా?

రికార్డుల_మావయ్య (శుక్రవారం, రాత్రి 10:15)

ఒప్పుకోవాలి, కాకపోతే వేరే ప్రశ్నగా. బీటిల్స్‌కీ ఇదే జరిగింది. 1973లో వచ్చిన రెండు కలెక్షన్ల అసలు పేర్లు 1962-1966, 1967-1970. అంకెలు నోరు తిరక్క జనం ఎర్రది, నీలంది అన్నారు. నీలందాని అట్ట మీద ఫొటో 1969లో తీసింది. మొదటి ఆల్బమ్ కోసం లండన్ ఈఎంఐ ఆఫీసు మెట్ల దగ్గర దిగిన పోజునే, అదే ఫొటోగ్రాఫర్ యాంగస్ మెక్‌బీన్‌తో, అదే చోట మళ్ళీ తీయించుకున్నారు. ఆరేళ్ళలో జుట్టూ గడ్డాలూ ఎంత పెరిగాయో ఎర్రదాన్నీ నీలందాన్నీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

వీజర్ వాళ్ళ తెలివి ఏమిటంటే, జనం పెట్టిన పేరు పట్టుకుని దాన్నే ఆనవాయితీ చేసుకున్నారు. 2001లో ఆకుపచ్చ, 2008లో ఎరుపు, 2016లో తెలుపు, 2019లో టీల్ (నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు), నలుపు రెండూ. అన్నిటి అసలు పేరూ వీజరే. మొదట్లో బాగుంది, ఇప్పుడు పెయింట్ షాపు క్యాటలాగ్‌లా ఉంది.

స్మెతిక్_సీను (శుక్రవారం, రాత్రి 11:20)

మూడీ బ్లూస్ నాకొదిలేయండి, ఆ కథ మా పేటది. నేనుండేది ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ పక్కన స్మెతిక్‌లో. ఇక్కడ కేప్ హిల్ అనేచోట మిచెల్స్ అండ్ బట్లర్స్ అని పెద్ద బీరు ఫ్యాక్టరీ ఉండేది. అందరూ ఎం అండ్ బీ అనేవాళ్ళు. చుట్టుపక్కల చాలా పబ్బులు వాళ్ళవే. ఫ్యాక్టరీ 2002లో మూసేశారు, ఇప్పుడు అక్కడ ఇళ్ళు.

1964లో కొత్తగా జట్టుకట్టిన కుర్రాళ్ళు, బీరు కంపెనీ డబ్బులిస్తుందేమోనన్న ఆశతో ఎం అండ్ బీ ఫైవ్ అని పేరు పెట్టుకున్నారు. పైసా రాలేదు. అయినా ఆ రెండు అక్షరాలూ వదలకుండా మూడీ బ్లూస్ అని మార్చారు. మూడీ అన్నది కీబోర్డు వాయించే మైక్ పిండర్‌కి ఇష్టమైన డ్యూక్ ఎలింగ్టన్ ట్యూన్ మూడ్ ఇండిగో నుంచి. బ్లూస్ ఎందుకంటే అప్పట్లో వాళ్ళు వాయించేది రిథమ్ అండ్ బ్లూస్. గో నౌ పాట 1965 జనవరిలో ఇక్కడ నంబర్ వన్.

1967కి వచ్చేసరికి మనుషులు మారారు, ఆర్కెస్ట్రాతో కలిపి డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్డ్ చేశారు. సంగీతంలోంచి బ్లూస్ వెళ్ళిపోయింది, బోర్డు మీద మిగిలింది.

రావు గారూ, ఇందులో దిగులు ఎక్కడుంది? స్పాన్సర్ దొరకని దిగులా?

సందేహాల_రావు (శుక్రవారం, రాత్రి 11:26)

ఒక్కటి తగ్గించుకుంటా. ఎలింగ్టన్ ట్యూన్ మాత్రం దిగులే, వినండి.

వీణ_వాకిలి (శనివారం, ఉదయం 6:35)

రాత్రంతా ఇక్కడే ఉన్నట్టున్నారు అందరూ!

ఇండిగో అన్నారు కాబట్టి ఒక్క మాట. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు, ఇంగ్లిష్‌వాళ్ళు మన కోరమాండల్ తీరంలో నీలిమందు కొని ఓడలకెక్కించేవాళ్ళు. తర్వాత కంపెనీ పాలనలో కడప, నెల్లూరు వైపు ఆ పంట బాగా వేసేవారు. మచిలీపట్నం కలంకారీలో నీలం అదే. ఇండిగో గర్ల్స్ అని అట్లాంటా అమ్మాయిలిద్దరి జంట ఉంది, వాళ్ళలో అమీ రే ఆ మాటని డిక్షనరీ తిరగేస్తుంటే దొరికిందని ఎంచుకుంది. మన పొలంలో పండిన రంగు వాళ్ళకి నిఘంటువులో దొరికిందన్నమాట.

కైండ్ ఆఫ్ బ్లూ గురించి తీరిగ్గా రాస్తా, పిల్లలకి క్లాసు ఉంది.

మోడరేటర్ (శనివారం, ఉదయం 9:10)

నీలిమందు చరిత్రకి వేరే దారం (థ్రెడ్) తెరవండి. సినిమా పాటల పల్లవుల్లో నీలం వెతుకుతున్న ఇద్దరి పోస్టులు అటు మార్చాను. ఇక్కడ బ్యాండ్లు, ఆల్బమ్‌లు మాత్రమే. రహమాన్ గారు సంగీతం ఇచ్చిన 2009 హిందీ సినిమా బ్లూ ఆల్బమ్ పేరే కాబట్టి దాన్ని ఉంచాను. కైలీ మినోగ్ పాడిన చిగ్గీ విగ్గీ అందులోదే.

నాష్‌విల్_నాని (శనివారం, ఉదయం 10:02)

అందరూ జాజ్, రాక్ వైపే వెళ్తున్నారు. నేనుండే ఊళ్ళో అయితే నీలం ముందు గుర్తొచ్చేది బిల్ మన్రో. ఈ క్విజ్‌కి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ బ్యాండ్ పేరు ఏకంగా ఒక సంగీత శైలికి పేరైపోయింది.

మన్రోది కెంటకీ. ఆ రాష్ట్రానికి బ్లూగ్రాస్ స్టేట్ అని ముద్దుపేరు. అక్కడి పచ్చిక బయళ్ళలో పెరిగే గడ్డి రకం పేరు బ్లూగ్రాస్. మామూలుగా చూస్తే పచ్చగానే ఉంటుంది, కోయకుండా వదిలేస్తే వసంతంలో కంకులు వేసి దూరానికి నీలం జీర కనిపిస్తుంది. మన్రో సొంతూరి మీద అభిమానంతో 1930ల చివర తన బృందానికి బ్లూ గ్రాస్ బాయ్స్ అని పెట్టుకున్నాడు. 1939లో గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో షోలో చేరాడు. 1945లో ఎర్ల్ స్క్రగ్స్ వచ్చి మూడు వేళ్ళతో బాంజో మీటడం మొదలుపెట్టాక ఆ ధాటి వేరే అయిపోయింది. మిగతా బ్యాండ్లు అదే పద్ధతి పట్టుకున్నాయి. 1950ల్లో జనం ఆ రకం పాటలన్నిటినీ బ్లూగ్రాస్ అనడం మొదలెట్టారు.

ఇంకో ముడి కూడా ఉంది. మన్రో రాసిన బ్లూ మూన్ ఆఫ్ కెంటకీని 1954లో ఎల్విస్ ప్రెస్లీ తన మొట్టమొదటి రికార్డుకి రెండోవైపు పాడాడు. మన్రోది నెమ్మదిగా సాగే వాల్ట్జ్, ఎల్విస్ దాన్ని పరుగెత్తించాడు. ఎల్విస్ వెనక వాయించిన స్కాటీ మూర్, బిల్ బ్లాక్‌లకి వచ్చిన పేరు బ్లూ మూన్ బాయ్స్.

బేస్_బుజ్జి (శనివారం, ఉదయం 10:20)

గడ్డి పేరు మీద ఒక జానర్!! ఇది నాకు నిజంగా తెలీదు అన్నా. దీన్ని మా కాలేజీలో కూడా అడుగుతా.

సందేహాల_రావు (శనివారం, ఉదయం 10:41)

గడ్డీ బీరూ అయ్యాయి. ఇంకేమున్నాయి, సబ్బులా?

రికార్డుల_మావయ్య (శనివారం, ఉదయం 11:05)

భలే అడిగారు, సబ్బుపొడి ఉంది.

బ్లూ చీర్ అని శాన్ ఫ్రాన్సిస్కో బ్యాండ్. 1968లో సమ్మర్‌టైమ్ బ్లూస్‌ని చెవులు చిల్లులు పడేలా వాయించి హిట్ కొట్టారు. ఎడీ కోక్రన్ 1958 పాట అది. హెవీ మెటల్‌కి పూర్వీకులెవరన్న చర్చ వస్తే వీళ్ళ పేరు రాకుండా ఉండదు. బ్యాండ్ పేరు ఆ ఊళ్ళో అప్పుడు చేతులు మారుతున్న ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందులో ఒక రకం పేరు. ఆ మందుబిళ్ళకి ఆ పేరు బట్టలుతికే చీర్ సబ్బుపొడి నుంచి అంటుకుంది. కాబట్టి సబ్బు, సబ్బు నుంచి మత్తు, మత్తు నుంచి బ్యాండ్.

సందేహాల_రావు (శనివారం, ఉదయం 11:09)

అయితే మనవాళ్ళెవరైనా ఉజాలా పేరుతో మెటల్ బ్యాండ్ పెట్టొచ్చు. నాలుగు చుక్కలు చాలు.

వీణ_వాకిలి (శనివారం, మధ్యాహ్నం 2:18)

నవ్వలేక చచ్చా రావు గారూ 😂

సరే, కైండ్ ఆఫ్ బ్లూ. నేను కర్ణాటక సంగీతం పాఠాలు చెప్తాను, జాజ్ చదువుకోలేదు. కానీ ఆ ఆల్బమ్‌లో మొదటి ట్రాక్ సో వాట్ వినగానే ఒళ్ళు ఝల్లుమంది, ఎందుకంటే అది మనింటి స్వరాల వరసే. వాళ్ళు డోరియన్ అంటారు, మనకి ఖరహరప్రియ, 22వ మేళకర్త. చక్కని రాజమార్గములు పాడేవాళ్ళకి ఆ స్వరస్థానాలు కొత్త కాదు. 16 బార్లు (బార్ అంటే మన ఆవర్తనం లాంటిది) అదే స్థాయిలో ఉండి, తర్వాత 8 బార్లకి మొత్తం వరసని అరమెట్టు పైకి జరుపుతారు, మళ్ళీ 8 బార్లు కిందికి. శ్రుతిపెట్టె అరమెట్టు పెంచి అదే రాగం పాడినట్టు. గమకాలు మన పద్ధతిలో ఉండవు, సంచారాలూ వేరే. కాబట్టి అది ఖరహరప్రియ అని నేననను. కానీ కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) మార్పుల వెంట పరుగెత్తకుండా ఒక స్వరవరసలో కూర్చుని మనోధర్మం చెయ్యడం అన్న ఆలోచన మనకి తేలిగ్గా పట్టుబడుతుంది.

ఇందులో దిగులేమీ నాకు వినపడలేదు. ప్రశాంతత వినపడింది.

బ్లూ నోట్ అన్న మాట కూడా క్విజ్‌కి పనికొస్తుంది. గాంధారాన్నీ, పంచమాన్నీ, నిషాదాన్నీ కాస్త దించి పాడటాన్ని అలా అంటారు. ముఖ్యంగా గాంధారం. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఊగుతూ ఉంటుంది, పియానో మీద ఆ చోటికి మెట్టు లేదు. గొంతుకి, గిటార్ తీగకి ఉంది. వీణకీ ఉంది.

రికార్డుల_మావయ్య (శనివారం, మధ్యాహ్నం 3:02)

అమ్మా, ఎంత బాగా చెప్పావు. దానికి కొనసాగింపు.

1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే సిట్టింగుల్లో ఆల్బమ్ పూర్తయింది. న్యూయార్క్ 30వ వీధిలో కొలంబియావాళ్ళ స్టూడియో, ఒకప్పటి చర్చి. వాయించింది మైల్స్, కోల్ట్రేన్, కెనన్‌బాల్ ఆడర్లీ, బిల్ ఎవాన్స్, పాల్ చాంబర్స్, జిమ్మీ కాబ్. ఒక్క ట్రాక్‌కి మాత్రం పియానో వింటన్ కెల్లీది.

రావు గారి వాదన ఇక్కడే చూద్దాం. అయిదు ట్రాకుల్లో 12 బార్ల బ్లూస్ కట్టడం ఉన్నవి రెండే, ఫ్రెడీ ఫ్రీలోడర్, ఆల్ బ్లూస్. మొదటిదాని పేరులో బ్లూ లేదు. బ్లూ ఇన్ గ్రీన్ పేరులో రంగులు రెండున్నాయి, అది బ్లూస్ కాదు. అంటే పేరు పెట్టినవాడు రంగునీ, శైలినీ, మూడ్‌నీ కలగలిపి, ఇదేదో ఒక రకం నీలంలే అని వదిలేశాడు. ఆ వదిలెయ్యడమే నాకు నచ్చేది.

క్విజ్‌కి ఒక గట్టి ప్రశ్న ఇస్తా. మార్చిలో రికార్డు చేసిన రోజు టేపు మెషీను కాస్త నెమ్మదిగా తిరిగింది. అలా చేసిన టేపుని మామూలు వేగంతో తిప్పితే శ్రుతి పెరుగుతుంది. దాంతో మొదటివైపు మూడు ట్రాకులూ దశాబ్దాలపాటు అసలు శ్రుతికంటే కొద్దిగా పైన వినిపించాయి. 1990ల్లో రీఇష్యూ చేసేటప్పుడు సరిదిద్దారు. అన్నేళ్ళూ రికార్డుతో కలిసి వాయించి నేర్చుకున్న విద్యార్థులు తమ వాయిద్యం శ్రుతి తప్పిందనుకుని ఉంటారు పాపం.

బేస్_బుజ్జి (శనివారం, మధ్యాహ్నం 3:15)

మావయ్యా, బ్లూ నోట్ రికార్డ్స్ కంపెనీ పేరు కూడా ఆ స్వరం మీదేనా? కైండ్ ఆఫ్ బ్లూ వాళ్ళదే అనుకునేవాళ్ళు మా రూమ్‌లో ముగ్గురున్నారు.

రికార్డుల_మావయ్య (శనివారం, సాయంత్రం 4:40)

కైండ్ ఆఫ్ బ్లూ కొలంబియాది. ఆ మెలిక మీదే ఒక ప్రశ్న వెయ్యొచ్చు.

అవును, ఆ స్వరం పేరే. 1939లో పెట్టారు. నడిపింది ఆల్ఫ్రెడ్ లయన్, బెర్లిన్ నుంచి వచ్చినవాడు. అతని చిన్ననాటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ నాజీల పాలన నుంచి తప్పించుకుని వచ్చి చేరాడు, రికార్డింగ్ జరుగుతుంటే ఫొటోలు తీసేవాడు. 1950ల మధ్య నుంచి అట్టలు డిజైన్ చేసింది రీడ్ మైల్స్. ఆయనకి జాజ్ మీద పెద్ద ఆసక్తి లేదు, క్లాసికల్ వినేవాడు. అయినా జాజ్ రికార్డు అట్ట అంటే ఇవాళ్టికీ అందరి కళ్ళముందు మెదిలేది ఆయన పనే.

నాలుగు రంగుల ప్రింటింగుకి డబ్బు లేక చాలా అట్టలు నలుపూ తెలుపూ ఫొటో, మీద ఒక్క రంగు. కోల్ట్రేన్ బ్లూ ట్రైన్ చూడండి. 1957లో రికార్డు చేశారు. ఒక చెయ్యి మెడ వెనక, ఒకటి నోటి దగ్గర, తల వంచుకుని ఏదో ఆలోచిస్తున్న మనిషి, ఫొటో అంతా నీలంలో ముంచినట్టుంటుంది. రికార్డు చేసింది రూడీ వాన్ గెల్డర్ తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో, న్యూజెర్సీలో. పగలు ఆయన కళ్ళద్దాల డాక్టరు.

లేబుల్ పేరుండబట్టి వాళ్ళ దగ్గర నీలం పేర్ల వరద. టీనా బ్రూక్స్ ట్రూ బ్లూ, కెనీ బరెల్ మిడ్‌నైట్ బ్లూ, ఫ్రెడీ హబర్డ్ బ్లూ స్పిరిట్స్. కొన్ని మంచి పేర్లు, కొన్ని కంపెనీ పేరుకి అడ్వర్టైజ్‌మెంట్లు. 2002లో రవిశంకర్ గారమ్మాయి నోరా జోన్స్ మొదటి ఆల్బమ్ కూడా ఈ లేబుల్ మీదే వచ్చింది.

విశాఖ_శబ్దం (శనివారం, రాత్రి 7:22)

ఇంత వస్తుందని అనుకోలేదు, నోట్స్ రాసుకుంటున్నా. జోనీ మిచెల్ బ్లూ గురించి ఎవరైనా? అదైనా రావు గారికి వదిలేద్దామా?

వీణ_వాకిలి (శనివారం, రాత్రి 8:05)

అది రావు గారిదే, సందేహం లేదు. 1971 జూన్. అట్ట మీద ఆమె ముఖం కూడా నీలంలోనే. టైటిల్ పాటలో బ్లూ అన్నది ఒక మనిషిని పిలిచినట్టు పిలుస్తుంది, పాటల్ని పచ్చబొట్లతో పోలుస్తుంది. అంటే చర్మం కింద ఇంకిన సిరా నీలం.

కానీ నన్ను పట్టుకుంది ఆ ఆల్బమ్‌లో ఆకుపచ్చ. లిటిల్ గ్రీన్ అనే పాట. 1965లో పుట్టిన కూతుర్ని పెంచే స్తోమత లేక జోనీ దత్తతకి ఇచ్చేసింది. ఆ పాప గురించి రాసిన పాట అది. ఆల్బమ్ వచ్చినప్పుడు వినేవాళ్ళకి ఈ సంగతి తెలీదు. 1997లో తల్లీకూతుళ్ళు కలిశారు. అది తెలిశాక మళ్ళీ వింటే పాట మరోలా ఉంటుంది. చుట్టూ అంత నీలం పెట్టి మధ్యలో ఈ ఒక్క పచ్చని దాచింది.

ఇంకో చిన్న విషయం, కొన్ని పాటల్లో వినిపించే తీగ వాయిద్యం గిటార్ కాదు, అపలేచియన్ డల్సిమర్. ఒళ్ళో పెట్టుకుని వాయించేది.

సందేహాల_రావు (శనివారం, రాత్రి 8:19)

హమ్మయ్య, ఒకటైనా నాకు మిగిలింది. లిటిల్ గ్రీన్ ఇప్పుడే విన్నాను. ఇక ఈ రాత్రి వేరే పాట వినలేను.

స్మెతిక్_సీను (ఆదివారం, తెల్లవారుజాము 1:10)

బ్లూ ఆయిస్టర్ కల్ట్ ఎవరూ ముట్టుకోలేదు. న్యూయార్క్ లాంగ్ ఐలాండ్ బ్యాండ్, మొదటి పేరు సాఫ్ట్ వైట్ అండర్‌బెల్లీ. మేనేజర్ శాండీ పర్ల్‌మన్ కవిత్వం రాసేవాడు. భూమి చరిత్రని రహస్యంగా నడిపే గ్రహాంతరవాసుల ముఠా పేరు ఆ కవితల్లోది. అదే బ్యాండ్‌కి పెట్టాడు, వాయించేవాళ్ళకి మొదట్లో నచ్చలేదు. మొదటి ఆల్బమ్ 1972. ఓ మీద రెండు చుక్కలు ఉచ్చారణ కోసం కాదు, చూడ్డానికి గంభీరంగా ఉంటుందని. తర్వాత మోటర్‌హెడ్ లాంటివాళ్ళు అదే చుక్కలు పెట్టుకున్నారు.

పుస్తకం నుంచి వచ్చిన పేరు కావాలంటే గ్లాస్గో బ్యాండ్ ద బ్లూ నైల్. అలన్ మూర్‌హెడ్ 1962లో ఆ నది మీద రాసిన పుస్తకం పేరే తీసుకున్నారు. 1989లో వచ్చిన హ్యాట్స్ వినండి, రాత్రి తడిసిన రోడ్డు మీద కారులో వెళ్తూ. నా లెక్కలో ఈ దారంలో చెప్పిన అన్నిటికంటే నీలమైన ఆల్బమ్ అది, దాని పేరులో నీలం లేకపోయినా.

నాష్‌విల్_నాని (ఆదివారం, ఉదయం 8:30)

స్వరకర్త గెర్ష్విన్ రాసిన రాప్సొడీ ఇన్ బ్లూ ఆల్బమ్ కాదుగానీ ఆ పేరు కథ వదలకూడదు. 1924లో జార్జ్ గెర్ష్విన్ పెట్టుకున్న పేరు అమెరికన్ రాప్సొడీ. అన్న ఐరా ఒక గ్యాలరీలో విస్లర్ పెయింటింగులు చూసొచ్చాడు. విస్లర్ తన బొమ్మలకి సంగీతం పేర్లు పెట్టేవాడు, ఫలానా రంగుల్లో నాక్టర్న్ అని. చిత్రకారుడు సంగీతం పేరు వాడుకుంటే, సంగీతకారుడు రంగు పేరు వాడుకోవచ్చుగా అని ఐరా సలహా. ఫిబ్రవరి 12న న్యూయార్క్ ఏయోలియన్ హాల్లో మొదటిసారి వాయించారు.

నాకు తెలిసి రంగు నుంచి నేరుగా వచ్చిన పేరు ఈ దారంలో ఇదొక్కటే. మిగతావన్నీ బీరు, గడ్డి, సబ్బు, పుస్తకం, దయ్యం మీదుగా చుట్టు తిరిగొచ్చినవే.

బేస్_బుజ్జి (ఆదివారం, ఉదయం 11:48)

న్యూ ఆర్డర్ బ్యాండ్ పాట బ్లూ మండే, 1983. పాట మొత్తంలో ఆ టైటిల్ ఒక్కసారి కూడా వినపడదు. కవర్ ఫ్లాపీ డిస్క్‌లా ఉంటుంది, దాని మీద అక్షరాల బదులు అంచున రంగు గళ్ళు. డిజైనర్ పీటర్ సావిల్ ఆ రంగులతోనే బ్యాండ్ పేరూ పాట పేరూ కోడ్‌లో రాశాడు. ఆ కోడ్ విప్పే రంగుల చక్రం వాళ్ళ ఆల్బమ్ పవర్ కరప్షన్ అండ్ లైస్ వెనకవైపు ఉంది. అంటే బ్లూ అన్న మాటని కూడా రంగులతో రాశారు!

మాసివ్ అటాక్ బ్యాండ్ ఆల్బమ్ బ్లూ లైన్స్ కూడా. 1991లో గల్ఫ్ యుద్ధం టైమ్ కదా, బ్యాండ్ పేరులో అటాక్ ఉందని కొన్నాళ్ళు మాసివ్ అని మాత్రమే వేసుకున్నారు.

సందేహాల_రావు (ఆదివారం, మధ్యాహ్నం 12:15)

బ్లూ మండే సింగిల్, ఆల్బమ్ కాదు. రూలు రూలే.

విశాఖ_శబ్దం (ఆదివారం, సాయంత్రం 5:30)

రూల్ కొంచెం సడలిస్తున్నా రావు గారూ, ఆ కవర్ స్క్రీన్ మీద చూపించి కోడ్ విప్పమని అడిగితే హాల్లో సందడి మామూలుగా ఉండదు. రంగుల చక్రం ప్రింట్ తీసి టేబుల్‌కి ఒకటి ఇస్తా.

మిగతావి ఇలా పెడుతున్నా. సో వాట్ కాస్త వినిపించి, కర్ణాటక సంగీతంలో ఏ మేళకర్త స్వరాలు అని అడుగుతా (వీణ గారూ, మీ పేరు చెప్పే అడుగుతా). బీరు కంపెనీ రెండు అక్షరాలిచ్చి బ్యాండ్ చెప్పమంటా. గడ్డి ఫొటో చూపించి జానర్. బీటిల్స్ మెట్ల ఫొటోలు రెండూ పక్కపక్కన. లిటిల్ గ్రీన్ ప్రశ్నగా పెట్టబుద్ధి కావట్లేదు, విరామంలో పాట మొత్తం వేస్తా. బ్లూ డెవిల్స్ కష్టం కాబట్టి డబుల్ పాయింట్లు. బిల్లీ ఐలిష్ లేదు, సారీ బుజ్జీ, ఆల్బమ్ పేరులో లేదు.

టై పడితే ఏం అడగాలో ఇంకా తేల్చుకోలేదు.

బేస్_బుజ్జి (ఆదివారం, సాయంత్రం 5:41)

బ్లూ మండేకి సడలించి బిల్లీకి సడలించరా? అన్యాయం.

టై-బ్రేకర్ నేనిస్తా. పేరులో ఎరుపున్న ఒక బ్రిటిష్ బ్యాండ్ 1998లో బ్లూ అనే ఆల్బమ్ వేసింది. ఎవరు?

రికార్డుల_మావయ్య (ఆదివారం, సాయంత్రం 5:43)

సింప్లీ రెడ్. బజర్ ఎక్కడ?

సందేహాల_రావు (ఆదివారం, సాయంత్రం 6:02)

మా ఇల్లు విశాఖ ఎం.వి.పి. కాలనీలోనే. నేనూ టీమ్ కట్టుకుని వస్తా, ఎంట్రీ ఎంత?

విశాఖ_శబ్దం (ఆదివారం, సాయంత్రం 6:10)

ఎంట్రీ ఫ్రీ అండీ, తప్పకుండా రండి. కానీ ప్రశ్నలన్నీ చదివేశారు కాబట్టి పోటీలో కూర్చోనివ్వను. స్కోరు బోర్డు మీ చేతిలో పెడతా.

సందేహాల_రావు (ఆదివారం, సాయంత్రం 6:14)

ఒప్పుకున్నా. బ్లూ చీర్ ప్రశ్న కూడా పెట్టు బాబూ. ఎల్‌ఎస్‌డీ అన్నవాళ్ళకి ఒక మార్కు, సబ్బుపొడి దాకా వెళ్ళినవాళ్ళకి రెండు. దిగులు అన్నవాళ్ళకి సున్నా.